సెలైన్ సీసాలో చేరిన పేషెంటు

నర్సింగ్ చదివే పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, బిస్కెట్ల డబ్బా ఖాళీ చేసి, చివరికి అందరూ ఒకటే అడుగుతారు: "సిస్టర్, మీ సర్వీసులో అన్నిటికంటే విచిత్రమైన పేషెంటు ఎవరు?" పాము కాటో, ఆటోలో కాన్పో చెబుతానని వాళ్ళ ఆశ. నేను చెప్పే పేషెంటుకు రక్తం లేదు, నాడి లేదు, బంధువులు మాత్రం దండిగా ఉన్నారు. మనిషి చింతగింజంత. సెలైన్ సీసాలో అడ్మిట్ చేసుకున్నాను. విజిటింగ్ అవర్స్ కూడా పెట్టాను.

నవ్వితే నవ్వండి, కానీ ముందు నా సంగతి కొంచెం వినాలి. లేకపోతే ఆ రోజు నాకు అంత కోపం ఎందుకొచ్చిందో మీకు అర్థం కాదు. మాది నంగలి దగ్గర పల్లె. ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్ళం. కాళ్ళూ చేతులూ కడుక్కోకుండా మా అమ్మ పురుగుల గదిలోకి మా నాన్ననైనా రానిచ్చేది కాదు. ఒక్కరి చేతి మురికితో తట్టలకు తట్టలు పురుగులు చచ్చిపోవడం చిన్నప్పుడే చూశాను. అందుకని తర్వాత ఆపరేషన్ థియేటర్లో శుభ్రం గురించి నాకు ఎవరూ కొత్తగా నేర్పాల్సిన పని పడలేదు. ఆండర్సన్‌పేటలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో థియేటర్ సిస్టర్‌గా చేరి, అక్కడే రిటైరయ్యాను. వెనకాల నన్ను "కాళ్ళు కడుక్కో సిస్టర్" అని పిలుస్తారని తెలుసు. ఆ పేరు నాకు నచ్చేది కూడా.

ఇక ఆ పేషెంటును తెచ్చిన పెద్దాయన సంగతి. ఆ ఊరి బంగారు గనుల్లో ఎలక్ట్రీషియన్‌గా చేసిన మనిషి. గనులు మూసేశాక ఊళ్ళో సగం మంది బెంగళూరు రైలెక్కితే, ఈయన మాత్రం పాత స్కూటర్ మీద పల్లెలన్నీ తిరుగుతూ బోరుబావి మోటార్లకు స్టార్టర్ పెట్టెలు బాగుచేసేవాడు. మా నర్సింగ్ హోమ్ జనరేటర్‌కు కూడా ఆయనే డాక్టరు. దాని దగ్గరికి వచ్చినప్పుడల్లా "ఏమమ్మా, ఈ పొద్దు కూడా అలకేనా?" అని పలకరించి మరీ మూత విప్పేవాడు. యంత్రాలతో అంత మర్యాద, మనుషులతో మాత్రం మొండి. షుగర్ ఉందని తెలిసి కూడా ఏళ్ళ తరబడి లెక్కచేయలేదు. చివరికి అది కళ్ళ మీదికి వచ్చింది. చూపు మసకబారింది. అయినా పని మానలేదు.

ఒకరోజు ఎవరిదో మామిడి తోటలో స్టార్టర్ పెట్టె విప్పి, కరెంటు లేదనుకుని ఒక తీగ పట్టుకున్నాడు. ఉంది. ఎత్తి అవతల పడేసింది. అదృష్టం కొద్దీ మోచేయి చెక్కుకుపోవడంతో బయటపడ్డాడు. నేను కట్టు కడుతుంటే భార్య పక్కనే నిలబడి ఊరంతా వినేట్టు మొదలుపెట్టింది.

"చూడండి సిస్టర్, ఈయప్పకు ఎదురుగా ఉండే మనిషి కనపడడు. కరెంటు పనికి పోతాడంట! ఇంగ ఆ స్క్రూడ్రైవర్లన్నీ ఎత్తి గుంతలో పాతిపెట్టేస్తాను."

"పాతిపెట్టు. పక్కనే నాకూ ఒక గుంత తవ్వు" అన్నాడాయన.

నవ్వుతూనే అన్నాడు. కానీ నాకు నవ్వు రాలేదు. గనులు మూతపడ్డ కొత్తలో పని పోయిన మగవాళ్ళు ఇంటి ముందు తిన్నెల మీద కూర్చుని కూర్చుని మనిషికి మనిషే కరిగిపోవడం చూసినదాన్ని. ఈయన చేతిలోంచి ఆ స్క్రూడ్రైవర్ లాగేసుకుంటే ఈయనా అంతే. లాగేసుకోకపోతే ఏదో ఒక పెట్టె దగ్గర ప్రాణం పోతుంది. నాకు ఎటు చెప్పాలో తోచలేదు. కట్టు తడవనివ్వొద్దని చెప్పి పంపించాను.

మరి కొన్నాళ్ళకు ఆయన థియేటర్ గుమ్మం దగ్గరికి వచ్చాడు, వెంట మేం మాలూరు అమ్మాయి అని పిలిచే పిల్లను తీసుకుని. ఆ అమ్మాయి ఆయన ఇంటి వరుసలోనే ఉండేది. వాళ్ళ తాత గనిలో ఈయనతోపాటు పనిచేసినవాడే. రోజూ రైల్లో మాలూరు ఫ్యాక్టరీకి వెళ్ళి, మైక్రోస్కోపు కింద కంటికి ఆనని ముక్కలను టంకం పెట్టి అతికించేది. ఆదివారాలు ఇద్దరూ కలిసి వాళ్ళింటి ముందుగదిలో ఏవేవో చేస్తుండేవాళ్ళు. ఎక్కడెక్కడి వాళ్ళో తమ పరికరాలు తామే చేసుకుని చర్మం కింద పెట్టుకుంటున్నారని ఫోన్లో చూసి వీళ్ళకూ ఆ పిచ్చి పట్టింది. చెయ్యి చూపిస్తే తెరుచుకునే తాళం చేయాలని మొదలుపెట్టారట. మామిడి తోట సంగతి జరిగాక తాళం పక్కన పెట్టి, ఆ అమ్మాయి వేరేది తయారుచేసింది. అరచేతిలో పెట్టి చూపించింది. నల్లగా నున్నగా, చూడగానే చింతగింజే.

"కరెంటు ఉండే తీగ దగ్గరికి చెయ్యి పోతే ఇది వణుకుతుంది సిస్టర్. కండ్లతో పని లేదు. మామ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యలో, తోలు కింద పెట్టేస్తే చాలు."

"లోపల ఎందుకమ్మా? చేతికి కట్టుకుంటే సరిపోదా?"

దానికి పెద్దాయన జవాబు చెప్పాడు. "బయట పెట్టేది మర్చిపోతాను సిస్టర్. గనిలో తలకు దెబ్బ తగిలినోళ్ళను చానామందిని చూసినాను. వాళ్ళకు టోపీ లేక కాదు. ఆ పొద్దు యాడనో పెట్టి మర్చిపోయినారు. తోలు కింద ఉండేదాన్ని యాడ మర్చిపోయేది?"

అదీ నిజమే. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఇల్లంతా వెతికే మనిషి ఆయన. మా జనరేటర్ గదిలో ఆయన మర్చిపోయిన పటకార్లతో ఒక చిన్న కొట్టు పెట్టొచ్చు.

"మరి దీని మీద ఈ నల్లటిది ఏమి?" అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. "గనిలో కేబుల్ అతుకులకు పోసే మందు సిస్టర్ ఇది. అంత లోతులో, పైనుంచి నీళ్ళు కారతానే ఉండే చోట, ఏండ్ల తరబడి చుక్క లోపలికి పోనీలేదు. మనిషి ఒళ్ళు దీనికి ఏపాటి?"

ఇద్దర్నీ డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన అంతా విని, ఆ గింజను వేళ్ళ మధ్య తిప్పి చూసి, "ముందు నీ షుగర్ నేను చెప్పిన చోటికి దించు. కళ్ళ డాక్టరు దగ్గరికి క్రమం తప్పకుండా వెళ్ళు. అప్పుడు చూద్దాం" అన్నాడు. అది ఒప్పుకోవడం కాదు, లేదనడానికి మర్యాదైన దారి. మూడు చెంచాల చక్కెర లేనిదే టీ ముట్టని మనిషి షుగర్ దించుకునే సమస్యే లేదని ఆయన ధైర్యం. నాకు మాత్రం అనుమానంగానే ఉంది. అందుకే నా షరతు నేను పెట్టాను.

"మనిషి సంగతి తర్వాత. ముందు దీన్ని అడ్మిట్ చేయండి."

సెలైన్ సీసా ఒకటి తెప్పించి చింతగింజను అందులో వేశాను. పసిబిడ్డల గుడ్డలు వెచ్చగా ఉంచే పెట్టె ఒకటి ఉండేది మా దగ్గర. అందులో వేడి ఇంచుమించు మనిషి ఒంటి వేడే. సీసాను ఒక మూలగా పెట్టాను. నీళ్ళు లోపలికి చేరితే వణకడం మానేస్తుంది, అప్పుడు కథ ముగుస్తుందని నా లెక్క. సీసా మీద చీటీ కూడా అంటించాను: పేషెంటు పేరు చింతగింజ, ఆహారం ఏమీ లేదు, చూడటానికి ఆదివారం సాయంత్రం మాత్రమే.

పెద్దాయన ఆ చీటీని అమ్మాయి చేత చదివించుకుని నవ్వాడు. తర్వాత తాళాల గుత్తిలోంచి ఒక ఇత్తడి బిళ్ళ తీసి, దారంతో సీసా మెడకు కట్టాడు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ అలాంటి నంబరు బిళ్ళ ఒకటి ఉండేది. దిగేముందు దాన్ని లాంప్ రూమ్‌లో ఇస్తే మేకుకు తగిలించి తలదీపం ఇచ్చేవాళ్ళు. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. సాయంత్రానికి ఎవరి బిళ్ళ అయినా మేకు మీదే మిగిలిందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. అతను దొరికేదాకా లాంప్ రూమ్ మూసేవాళ్ళు కాదు.

"లోపలికి దిగినోనికి బిళ్ళ ఉండాల కదా సిస్టర్" అన్నాడు ముడి బిగిస్తూ.

అప్పటినుంచి ఆదివారం వచ్చిందంటే మా నర్సింగ్ హోమ్‌లో తిరునాళ్ళే. మాలూరు అమ్మాయి ప్లగ్గులో పెట్టిన తీగ ఒకటి తెచ్చి సీసా పక్కన ఆనించేది. లోపల చింతగింజ గుర్రుమని వణికేది. ఆయాలు చప్పట్లు కొట్టేవాళ్ళు. కాన్పుకు వచ్చినవాళ్ళ అత్తగార్లు కూడా లేచి వచ్చి చూసేవాళ్ళు. డాక్టరుగారు రౌండ్స్ ముగించి, ఎటో చూస్తున్నట్టు "నీళ్ళ పేషెంటు ఎట్లా ఉన్నాడు?" అని అడిగేవాడు. బాగున్నాడని చెబితే ఆయన మొహం కాస్త ముడుచుకునేది.

ఇంకోపక్క ఎవరూ అనుకోనిది జరుగుతోంది. పెద్దాయన తెల్లవారి లేచి గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ చుట్టూ నడక మొదలుపెట్టాడు. అన్నం తగ్గించాడు. మాత్రలు వేళకు వేసుకున్నాడు. ఒక పొద్దున భార్య కంగారుగా నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "సిస్టర్, ఈయప్ప చక్కెర లేని టీ అడిగినాడు. తలకేమైనా అయిందేమో, ఒకసారి చూడండి." నవ్వాపుకోలేక నేను మందుల గదిలోకి వెళ్ళిపోయాను.

షుగర్ దిగింది. డాక్టరుగారు చెప్పిన చోటికే వచ్చి నిలబడింది. ల్యాబు కాగితం చూసి ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఇచ్చిన మాట గొంతుకు అడ్డం పడింది. "సరే, చిన్న గాటే కదా" అని గొణిగి ఒక రోజు పెట్టాడు.

ఆ రోజు దగ్గర పడుతుంటే భార్య నన్ను వరండాలో నిలదీసింది. "మీరు కూడానా సిస్టర్? ఈయప్ప తమ్మునికి ముల్లు గుచ్చుకుని కాలే తీసేసినారు. ఇదే షుగరు. ఈయప్పకు ఉండేది ఆ రెండు చేతులే."

"నాకూ భయమే అక్కా. అందుకే అన్ని నాళ్ళు సీసాలో పెట్టి చూసింది" అన్నాను.

"నేనూ వస్తాను ఆ పొద్దు. లోపలే కూర్చుంటాను" అంది. థియేటర్లోకి ఎవరినీ రానివ్వననే నేను, చెప్పులు విడిచి కాళ్ళు కడుక్కుంటే గుమ్మం దగ్గర కూర్చోవచ్చని ఒప్పుకున్నాను.

ఆ రోజు పెద్దాయన పెళ్ళికొడుకులా తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. మాలూరు అమ్మాయి ఫ్యాక్టరీకి సెలవు పెట్టింది. సీసా మెడలోని బిళ్ళ విప్పి, సెలైన్ కట్టే స్టాండుకు తగిలించి, "ఇంగ ఇది నాది. నేను దిగతా ఉండాను" అన్నాడాయన. నేను చింతగింజను సీసాలోంచి తీసి, కడిగి, కత్తులూ పటకార్లతో పాటు ట్రేలో పెట్టి ఆవిరి డ్రమ్ములో వేసి మూత బిగించాను. చేతికి అలవాటైన పని. నాకు ఏ ఆలోచనా రాలేదు. వాళ్ళకూ రాలేదు. అందరం డ్రమ్ము వైపు చూస్తూ మంచి మాటలు చెప్పుకుంటున్నాం.

కొంతసేపటికి ఆ అమ్మాయి మెల్లగా అడిగింది. "సిస్టర్, దాంట్లో వేడి ఎంత ఉంటాది?"

"మీ ఇంటి ప్రెషర్ కుక్కర్ కంటే ఎక్కువేనమ్మా. లేకపోతే క్రిములు ఎట్ల చస్తాయి?"

ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. "లోపల బ్యాటరీ..." అంటుండగానే డ్రమ్ములో 'టప్' మని చప్పుడైంది.

ఆవిరి పోయాక మూత తీశాను. చింతగింజ మైసూరు బజ్జీలా ఉబ్బి, నడుమ పగిలి, నల్లటి జిగురు నా పనిముట్లన్నిటికీ పూసి పెట్టింది. అద్దాల్లా మెరవాల్సిన పటకార్లు! నా నోటికి ఎంత మాట వస్తే అంత అనేశాను. పేషెంటు పోయిన బాధ తర్వాత, ముందు నా పటకార్ల బాధ. డాక్టరుగారైతే గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదలడం చూస్తే నవ్వుతున్నాడని తెలిసింది.

గనిలో పనిచేసిన మనిషికి నీళ్ళంటే భయం. నీళ్ళు రాకుండా అన్ని కట్టుదిట్టాలూ చేశాడు. నాకు క్రిములంటే భయం. నేను సీసా, డ్రమ్ము రెండూ సిద్ధం చేశాను. నీళ్ళకు ఆగేది ఆవిరికి ఆగుతుందా అని మా ఇద్దరిలో ఒక్కరమూ అడగలేదు.

పెద్దాయన పగిలిన గింజను వేలితో తడిమి చూశాడు. తర్వాత అమ్మాయి వైపు తిరిగాడు. "ఇంకొకటి చేసి పెట్టినావు కదమ్మా. దాన్ని తీయి. సిస్టర్, ఇది డ్రమ్ములో వద్దు. స్పిరిట్‌లో ముంచి పెట్టేయండి. అంతే కదా."

అమ్మాయి సంచిలో చెయ్యి పెట్టింది. డాక్టరుగారు నా వైపు చూశాడు. ఆ గదిలో శుభ్రం విషయంలో చివరి మాట నాదేనని ఆయనకు తెలుసు. స్టాండుకు బిళ్ళ వేలాడుతోంది. అన్ని నెలలు టీలో చక్కెర లేకుండా తాగిన మనిషి చెయ్యి చాపుకుని కూర్చున్నాడు. ఒక్క క్షణం 'సరే' అనాలనే అనిపించింది, అబద్ధం చెప్పను.

"లేదన్నా" అన్నాను. "మా అమ్మ పురుగుల గదిలోకే కడగని చెయ్యి పోనీలేదు. నీ చేతిలోకి ఆవిరి పట్టనిదాన్ని పోనిస్తానా? దీంతో చీము పడితే వేలు పోతాది. వేలు పోయినాక కరెంటు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే."

ఆయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అట్లయితే ఇంగ నేను కూడా తిన్నె మీద కూర్చునేవాణ్ణే" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. మాస్కు ఉండబట్టి సరిపోయింది.

అప్పుడు గుమ్మం దగ్గర కూర్చున్న భార్య లేచింది. గబగబా వచ్చి స్టాండు మీది బిళ్ళ తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

"సుమ్నే ఊరుకో, ఏడ్చొద్దు" అంది మొగుడితో. "బయట పెడితే మర్చిపోతావు, అంతే కదా నీ బాధ? నువ్వు మర్చిపోతావు, నేను మర్చిపోను. మా నాయన లాంప్ రూమ్‌లో పని చేసినోడు. బిళ్ళ చేతిలో పడందే ఎవునికీ దీపం ఇచ్చినోడు కాదు. ఇంగ మన ఇంట్లో నేనే లాంప్ రూమ్. సామాన్ల సంచి నా దగ్గర ఉంటాది. బిళ్ళ ఇచ్చినావంటే ఆ గింజ నీ చేతికి నేనే కట్టి, అప్పుడు సంచి ఇస్తాను. ఇంటికొచ్చి అవి ఇచ్చి బిళ్ళ తీసుకో. పొద్దు గూకేతలికి బిళ్ళ మేకు మీదే ఉండాదంటే ఆటో ఎక్కి వచ్చి చెవి పట్టుకుని లాక్కొస్తాను."

స్క్రూడ్రైవర్లు పాతిపెడతానన్న మనిషి ఆవిడే. ఎప్పుడు మనసు మారిందో, మారక ఇదొక్కటే దారి అనుకుందో, నేను అడగలేదు.

రెండో చింతగింజను తీసుకుని, పెద్దాయన బొటనవేలి పక్కన తోలు మీదే ఉంచి, ప్లాస్టరు వేసి అంటించాను. చెయ్యి పట్టుకుని స్విచ్ బోర్డు దగ్గరికి నడిపించాను. ఆయన కళ్ళు మూసుకుని చెయ్యి మెల్లగా ముందుకు చాపాడు. మొహం విచ్చుకుంది.

"గిలిగింతలు పెడతా ఉండాది సిస్టర్!"

ఆ తర్వాత ఆయన చాలా ఏళ్ళు పనిచేశాడు. మాలూరు అమ్మాయి తోలుపట్టీ ఒకటి కుట్టించి గింజను అందులో బిగించింది. అది పాడైనప్పుడల్లా కొత్తది చేసి ఇచ్చేది. పల్లెల్లో రైతులు ఫోన్ చేసి "ఏమప్పా, లాంప్ రూమ్‌లో దీపం ఇచ్చినారా?" అని ఆటపట్టించేవాళ్ళట. షుగర్ మళ్ళీ ఎక్కలేదు, ఎందుకంటే ఆ లెక్క కూడా లాంప్ రూమే చూసేది. పోయిన చూపు తిరిగి రాలేదు కానీ, ఉన్నది నిలబడింది. నేను రిటైరయ్యాక ఒకసారి బజారులో భార్య కనబడింది. ఒక సాయంత్రం ఆయన పట్టీ, సంచి ఇచ్చి, బిళ్ళ తీసుకుని జేబులో వేసుకున్నాడట. మర్నాడు దాన్ని మళ్ళీ ఇవ్వలేదట, ఇంగ పనికి పోనన్నాడట. "నేను ఆపలేదు సిస్టర్. ఆయప్పే పైకి వచ్చేసినాడు" అంది. సంతోషంగానే చెప్పింది.

మాలూరు అమ్మాయి మాత్రం ఊరుకునే రకం కాదు. తర్వాతిది బ్యాటరీ లేకుండా, గాజు గొట్టంలో చేసింది. నేను సర్వీసులో ఉండగానే దాన్ని నా డ్రమ్ములో ఎన్నిసార్లు ఉడకబెట్టిందో. చివరికి బెంగళూరులో ఒక డాక్టరును ఒప్పించి చేతిలో పెట్టించుకుంది. దానితో వాళ్ళ ఇంటి తాళం తెరుచుకుంటుంది, అంతకంటే ఘనకార్యం ఏమీ లేదు. దాన్ని పెట్టించుకోవడానికి వెళ్ళే ముందు మాత్రం మా ఇంటికి వచ్చి వాళ్ళ తాత బిళ్ళ నా చేతిలో పెట్టింది. "తీయించేసిన పొద్దు వచ్చి తీసుకుంటాను సిస్టర్" అంది.

ఆ బిళ్ళ మా వంటింట్లో మేకుకు వేలాడుతోంది. ప్రతి ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాను. ఎర్రబడిందా, వాచిందా, నొప్పి ఉందా. ఆ అమ్మాయి నవ్వుతుంది. "ఏమీ లేదు సిస్టర్. మీరు రిటైరయిపోయినారు, ఇంగన్నా వదిలిపెట్టండి" అంటుంది.

ఎలా వదిలిపెడతాను? బిళ్ళ ఇంకా మేకు మీదే ఉంది.